వారం వారం అభినందనలు

రోత నాకు తొందరగా పుట్టేది కాదు. పోర్ట్ బ్లెయిర్ జాలరిపేట జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగినదాన్ని. నాన్న పడవ దిగాక ఒడ్డున పారేసిన చేపల పేగుల పక్కనే మేం తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, ఆ చేతులతోనే అమ్మ పెట్టిన అటుకులు తినేవాళ్ళం. చదువయ్యాక పోర్ట్ బ్లెయిర్‌లోనే ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో కౌంటర్ ఉద్యోగం దొరికింది. "ఓలమ్మా, రోజూ ఉచ్చ డబ్బాలు అందుకోవాలేటే నువ్వు?" అని పక్కింటి పిన్ని ముక్కు మూసుకుంది. అందుకున్నాను. మూత సరిగ్గా బిగించని డబ్బాలు చేతిమీద ఒలికిన రోజులున్నాయి. సబ్బుతో కడుక్కుంటే పోయేది. రోగం వచ్చిన మనుషుల ఒంట్లోంచి వచ్చిందాన్ని చూసి ఏవగించుకుంటే ఇక ల్యాబ్‌లో పని చెయ్యడమెందుకు అనుకునేదాన్ని.

ల్యాబ్ యజమాని డాక్టరు. మేమంతా సార్ అనేవాళ్ళం. వాళ్ళ తాతల కాలంలోనే విశాఖ నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాన్న కాలికి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, సముద్రం గురించి మాట్లాడి వెళ్ళారు. నాన్న చాలా రోజులు ఆ సంగతి అందరికీ చెప్పుకున్నాడు. ఆ మంచితనం అబద్ధమని ఇప్పటికీ నేననలేను. అబద్ధమైతే బాగుండును, ఈ కథ చెప్పడం తేలికయ్యేది.

ల్యాబ్‌లో కాగితం పని తక్కువ. పేషెంటు పేరు, వయసు, ఫోన్ నంబరు, చేసిన పరీక్ష, వచ్చిన ఫలితం, అన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో కొట్టేవాళ్ళం. అది మా కంప్యూటర్‌లో ఉండేది కాదు. మెయిన్‌లాండ్‌లో ఏదో కంపెనీ క్లౌడ్‌లో నడిపేది, మేం ఇంటర్నెట్‌లో తెరిచి వాడుకునేవాళ్ళం. బస్సులో సగం రోజు దూరమున్న రంగత్‌లో మాకో చిన్న శాంపిల్ సెంటర్ ఉండేది, వాళ్ళు కూడా అందులోనే ఎక్కించేవాళ్ళు. సముద్రం అడుగున కేబుల్ పడ్డాక నెట్ చాలా మెరుగైంది కానీ, ముసురు పట్టిన రోజుల్లో ఒక్కోసారి హఠాత్తుగా పోయేది. అప్పుడు నిన్న ఇచ్చిన రిపోర్టు కూడా చూడలేక, ఎదురుగా నిలబడ్డ పేషెంటు మొహం, తెల్లటి స్క్రీను మార్చి మార్చి చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఒకరోజు సార్ నన్ను గదిలోకి పిలిచారు. "ఏమ్మా, నువ్వు కంప్యూటర్ డిప్లొమా చేశావు కదా. ఈ క్లౌడ్‌లో ఉన్నదంతా మన కంప్యూటర్‌లోకి తెచ్చుకోలేమా? రంగత్ నుంచి షుగర్ పరీక్షలు ఎన్ని వచ్చాయో అడిగితే ఆ సాఫ్ట్‌వేర్ నెల కంటే వెనక్కి చూపించదు. మన డేటా మన దగ్గర ఉండాలి."

ఆ మాట నాకు నచ్చింది. కౌంటర్ మీద నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయినదాన్ని. వేరే ఏదైనా పని, మెదడుతో చేసే పని దొరికిందని సంబరపడ్డాను.

ఎవరో ఎక్కడో రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన ఓపెన్ సోర్స్ పనిముట్లు ఉంటాయి. నాకు రెండు కావలసి వచ్చాయి. ఒకటి క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తలుపు తట్టి, తాళంచెవి చూపించి, అక్కడున్న సమాచారాన్ని పేజీ తర్వాత పేజీగా తోడుకొచ్చేది. రెండోది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. తెచ్చిన దాన్ని వరుసలు, గడులు ఉన్న పట్టికలుగా దాచి, ఏ పట్టికకు ఏది చుట్టమో గుర్తుపెట్టుకునేది. అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఒకటి మోటారు, ఇంకోటి ట్యాంకు. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే ఊళ్ళో ఈ రెండింటి విలువా ఎవరికీ చెప్పక్కర్లేదు.

చెప్పినంత సులువుగా ఏమీ జరగలేదు. ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా వచ్చింది. తేదీల్లో రోజూ నెలా తారుమారై, ఇంకా పుట్టని పిల్లాడికి కామెర్ల పరీక్ష జరిగినట్టు కనిపించింది. ఫోన్ నంబర్ల మధ్యలో చుక్కలు, గీతలు. సగం దాకా తోడాక నెట్ పోతే మళ్ళీ మొదటికొచ్చేది. కొన్నాళ్ళకు, ఆగిన చోటు నుంచే అందుకోమని చెప్పడం నేర్చుకున్నాను. బిల్లుల పట్టికలో కొత్తవి మాత్రమే తెచ్చుకోమన్నాను. ఫలితాలు ముఖ్యమైనవి కనుక, తప్పు దొర్లకూడదని, ఆ పట్టికను రోజూ తెల్లవారేసరికి మొత్తంగా తెచ్చి సరిచూసుకునేలా పెట్టాను.

"ఫలితాల పక్కన ఫోన్ నంబరు కూడా ఉండాలా సార్?" అని అడిగాను.

"ఉండాలమ్మా. రిపోర్టు తయారైందని మెసేజ్ పంపాలి కదా."

సబబుగానే తోచింది. పెట్టాను.

మొదటిసారి క్లౌడ్‌లో ఉన్న సంఖ్య, మా పట్టికలో ఉన్న సంఖ్య సరిగ్గా కలిసిన రోజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. ఇంటికెళ్ళి అమ్మకి చెబితే, "అయితే రేపట్నుంచి ఆ కౌంటర్ కాడ నిలబడక్కర్లేదా?" అంది. "అక్కర్లేదు" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం.

సార్‌కి ఒక బామ్మర్ది ఉండేవాడు. అబర్దీన్ బజార్లో పసిపిల్లల సామాన్ల దుకాణం. ఉయ్యాలలు, ప్లాస్టిక్ తొట్లు, డైపర్లు, బొమ్మలు. సాయంత్రాలు ల్యాబ్‌కి వచ్చి సార్ గదిలో కూర్చుని ఏదో ఒకటి తింటూ ఉండేవాడు. ఎప్పుడు చూసినా వేళ్ళకు నూనె. ఆ వేళ్ళతోనే ఫోన్ అద్దం తుడిచేవాడు. సార్ ఒకరోజు, "వీడికి ఊరికే చూడ్డానికి ఒక లాగిన్ ఇవ్వమ్మా. నా లెక్కలు వీడే వేసిపెడతానంటున్నాడు" అన్నారు. మార్చడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే పనికొచ్చే లాగిన్ చేసి ఇచ్చాను.

కొన్ని నెలలు గడిచాయి. వానాకాలం. మధ్యాహ్నం దాటాక, తడిసిన గొడుగు తలుపు దగ్గర ఆనించి ఒకామె కౌంటర్‌కి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. రంగత్ బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. ఆ దారి ఎరిగినవాళ్ళకు ఆ మొహం తెలుస్తుంది: అడవి దారిలో బళ్ళన్నిటినీ కలిపి వదిలే కాన్వాయ్ కోసం కాచుకుని, మిడిల్ స్ట్రెయిట్ పాయ దగ్గర బస్సుతో పాటు పడవెక్కి, మలుపులన్నీ కడుపులో మోసుకొచ్చిన మొహం. కౌంటర్‌లో అమ్మాయితో, "కంప్యూటర్ చూసేవోళ్ళు ఎవులు?" అని అడిగిందట. నన్ను పిలిచారు.

ఆమె ఫోన్ నా ముందు పెట్టింది.

హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మెసేజ్. పైన కళ్ళూ, నవ్వే నోరూ గీసిన నిమ్మకాయ బొమ్మ. 'బధాయీ హో! మీ ఇంటి చిన్ని అతిథి ఈ వారం నిమ్మకాయంత అయ్యాడు.' కింద బామ్మర్ది దుకాణం పేరు. ఆమె వేలితో పైకి జరిపింది. జామకాయ బొమ్మ. 'ఈ వారం జామకాయంత.' మళ్ళీ జరిపింది. మామిడికాయ. దానికీ కళ్ళున్నాయి, బుగ్గల మీద గులాబీరంగు చుక్కలున్నాయి.

"ఇయ్యి మీ కాడ్నుంచేనా దీదీ వొస్తన్నాయి? నాను ఆ టెస్ట్ మీ రంగత్ సెంటర్‌లోనే సేయించుకున్నాను. ఇంకెక్కడా నంబర్ ఇవ్వలేదు."

"శుభాకాంక్షలే కదమ్మా, ఏమైంది?" అని అడగబోయి ఆగాను. ఆమె చీర కుచ్చిళ్ళ వైపు, పొట్ట వైపు చూశాను. ఆమె నా చూపును గమనించింది.

"అది పోయింది దీదీ. రంగత్ ఆసుపత్రిలోనే. నిమ్మకాయ కంటే ముందే పోయింది."

నేను ఫోన్ ఆమె వైపు జరిపాను.

"బ్లాక్ కియా. ఇంకో నంబర్ నుంచి వొచ్చింది. వారం వారం. మా ఆయనకి సదవడం వొచ్చు. ఫోన్ మోగితే నా మొకం సూస్తాడు, చెప్పులేసుకుని బైటికెల్లిపోతాడు. ఆయన్ని ఏటనలేను. మొన్న మా అత్త ఈ ఫోన్ మా ఆడబడుచు చేత సదివించుకుంది. సదివించుకుని నన్ను పిలిచి, 'ఏటే, డాక్టరోళ్ళే ఎదుగుతుందని రాస్తన్నారు, నువ్వు పోయిందంటావేటి?' అంది." ఆమె ఫోన్ బోర్లా తిప్పి పెట్టింది. "ఆవిడికి ఆశ దీదీ. పాపం, తిట్టడానికి అన్లేదు. నిజంగానే ఆశ. నా పొట్ట మీద చెయ్యేసి సూసింది. ఆ తెల్లారే బస్సెక్కేసినాను."

కౌంటర్‌లో అమ్మాయి తల దించుకుంది. నేను ఆమెను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. కంప్యూటర్‌లో ఆమె వరుస తెరిచాను. పేరు, వయసు, ఫోన్, గర్భ పరీక్ష, పాజిటివ్, తేదీ. అంతే. ఆ తర్వాత జరిగింది రాయడానికి గడి లేదు. నేను తెచ్చుకున్న ఏ పట్టికలోనూ లేదు, ఆ క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లోనే లేదు. పాజిటివ్ అని ఒకసారి పడితే అది అలా పాజిటివ్‌గానే ఉంటుంది, ఎవరో దాని మీద వారాలు లెక్కపెట్టుకుంటూ పోతారు.

ఆమె స్క్రీను వైపు వంగి చూసింది. "అందులో నాకింకా కడుపు ఉన్నట్టేనా దీదీ?"

ఉన్నట్టే అని ఎలా చెబుతాను. "తీసేస్తాను" అన్నాను.

"బంద్ కరా దో. ఇంకేటీ వొద్దు. నాను గొడవకి రాలేదు." లేచి నిలబడి, "నా నంబర్ రాసుకుంటావా?" అంది.

"వద్దమ్మా, ఉంది మా దగ్గర."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక దాని అర్థం నాకు తెలిసింది. ఆమె, ఊళ్ళోనే మిన్నీ బేలో పెద్దమ్మ ఇల్లుందని, ఆ పూటకి అక్కడ ఉంటానని చెప్పి గొడుగు తీసుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రమే ఆమె వరుసను మా డేటాబేస్‌లోంచి తీసేశాను. పని అయిపోయిందనుకున్నాను. తర్వాతి వారం రంగత్ నుంచి ఫోన్. పేరు కూడా చెప్పలేదు. "కొబ్బరికాయ వొచ్చింది దీదీ" అని, పెట్టేసింది.

వెళ్ళి చూస్తే ఆమె వరుస మళ్ళీ అక్కడే ఉంది. నేను తీసేసిన మర్నాడు తెల్లవారేసరికే మోటారు దాన్ని క్లౌడ్ నుంచి మళ్ళీ తోడి తెచ్చింది. అక్కడున్నది ఇక్కడా ఉండాలి, దాని పని అదే, అలా ఉండమని నేర్పింది నేనే. ఎంత బాగా చేశానో అప్పుడు తెలిసింది. ఇక దీన్ని ఎవరు చదువుతున్నారో వెతికాను. డేటాబేస్ తనను ఎవరు ఏమడిగారో రాసుకుంటుంది. రోజూ పొద్దున్నే బామ్మర్ది లాగిన్ నుంచి ఒకే ప్రశ్న: గర్భ పరీక్ష పాజిటివ్ వచ్చిన ఆడవాళ్ళు, ఫోన్ నంబరు ఉన్నవాళ్ళు, పరీక్ష తేదీ నుంచి ఎన్ని వారాలు.

లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. అంటింది ఏమీ లేదు కనుక పోయింది కూడా ఏమీ లేదు. నోట్లో పాడైన చేప నమిలినట్టు వెగటు. నేను కూర్చుని, తేదీలు సరిచేసి, నంబర్లలో గీతలు తుడిచి, మురిసిపోయి కట్టిన ట్యాంకులో ఈ మనిషి నూనెచేతులు కడుక్కుంటున్నాడు.

సార్ గదికి వెళ్ళాను. ఇద్దరూ ఉన్నారు. బామ్మర్ది సమోసా తింటున్నాడు. నేను రంగత్ ఆమె సంగతి మొత్తం చెప్పాను, అత్తగారు పొట్ట మీద చెయ్యేసి చూసిందన్న మాటతో సహా.

"అయ్యో, పాపం" అన్నారు సార్. నిజంగానే అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

బామ్మర్ది నోట్లోది మింగి, "దీదీ, అంతమందికి పంపితే ఒకరిద్దరికి అలా అవుతాది. వో తో హోతా హై. డేటా పక్కా ఉంటే మెసేజ్ పక్కా ఉంటాది. ఏక్ కామ్ కరో, కడుపు పోయినోళ్ళ లిస్ట్ వేరేగా తీసి ఇవ్వండి" అన్నాడు.

వాళ్ళకి పంపకుండా ఉండటానికి అనుకున్నాను. "ఆ లిస్ట్ లేదు. ఉంటే వాళ్ళని ఆపేస్తారా?"

"ఆపడం ఎందుకు? వాళ్ళకి వేరే పంపుదాం. 'అగ్లీ బార్ పక్కా', మళ్ళీసారి ఖాయం అని. విటమిన్ గోలీలు, పౌడర్ డబ్బాలు కూడా పెడతన్నాను షాప్‌లో."

సార్ వైపు చూశాను. ఇప్పుడైనా వీడిని బయటికి పొమ్మంటారని చూశాను. సార్ నవ్వు ఆపుకుంటూ, "ఊరుకోరా నువ్వు" అన్నారు. అల్లరి చేసే పిల్లాడిని అన్నట్టు. తర్వాత నాతో, "ఆ అమ్మాయికి మన తరఫున ఒక గిఫ్ట్ ప్యాక్ పంపిద్దాంలే అమ్మా. మంచి అమ్మాయిలా ఉంది, ఇంత దూరం వచ్చి మర్యాదగా చెప్పింది" అన్నారు.

"గిఫ్ట్ ప్యాక్‌లో ఏముంటుంది సార్?"

"ఏముంటుంది, వీడి షాపువే. సబ్బు, పౌడరు, చిన్న టోపీ."

ఆయన మాట పూర్తయ్యాక వాళ్ళిద్దరికీ ఏమీ అనిపించలేదు. ఫ్యాను తిరుగుతోంది. బామ్మర్ది రెండో సమోసా అందుకుని, షుగర్ పేషెంట్ల నంబర్లు కూడా తీసిపెట్టమని, బిస్కెట్ల వాడితో మాట్లాడానని బావకి చెబుతున్నాడు. పసిబిడ్డ టోపీ పంపిస్తామన్న మనిషే మా నాన్న మంచం పక్కన కూర్చున్న మనిషి. ఇప్పటికీ ఆయన గురించి 'అన్నారు' అనే రాస్తున్నాను, 'అన్నాడు' అని చెయ్యి తిరగడం లేదు. అలవాటు. ఆ అలవాటు మీద కూడా నాకు రోతే.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అమ్మ కూర బాగోలేదేమో అనుకుంది. చెప్పాను. అమ్మ నా కంచం పక్కకు జరిపి, "ఛీ, ముదనష్టపోళ్ళు" అంది. గిన్నెల మీద మూతలు పెడుతూ, "మా కాలంలో బిడ్డ పోతే ఏడ్చీవోళ్ళం, ఆ ఏడుపు అయిపోయీది. వారం వారం తలుపు కొట్టి ఎవులూ గుర్తుచేసీవోరు కాదు" అంది.

"ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేటి? నువ్వే కదా మోటారెట్టినావు. కట్టెయ్యి."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అదే చేశాను. ఏ గడులు తేవాలో మోటారుకు చెప్పే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. ఫలితాల పట్టికలోంచి ఫోన్ నంబరు, పేరు తీసేశాను. పాత వరుసల్లో ఉన్నవీ తుడిచేశాను. సార్ అడిగే షుగర్ లెక్కలకు అవి అక్కర్లేదు, రిపోర్టు తయారైందన్న మెసేజ్ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తనే పంపుతుంది, ఆ సంగతి నాకు అప్పటికి తెలిసింది. బామ్మర్ది లాగిన్ రద్దు చేశాను. దొంగచాటుగా చెయ్యలేదు. సార్ రాగానే వెళ్ళి చెప్పాను.

ఆయన బల్లమీద పెన్ను సరిగ్గా పెట్టుకున్నారు. "నన్నొక మాట అడగాల్సింది."

"ఇప్పుడు చెబుతున్నాను సార్."

"ఆ కంప్యూటర్ నాది. ల్యాబ్ నాది. మన డేటా మన దగ్గర ఉండాలనే కదమ్మా నేను మొదట్నుంచీ చెప్పింది."

"అది ఆవిడ కడుపు సార్. మన డేటా కాదు."

"పెద్ద మాటలు మాట్లాడకు. మళ్ళీ పెట్టెయ్. ఆ రంగత్ అమ్మాయి నంబరు ఒక్కటి తీసేద్దాం, నీ మాట కాదనడం ఎందుకు." ఆ ఒక్క నంబరు తీస్తానన్నందుకు నేను సంతోషించాలని, కృతజ్ఞత చెప్పాలని ఎదురుచూశారు. ఆ ఎదురుచూపు మొహం మీద కనిపిస్తూనే ఉంది.

"మిగతావాళ్ళు, సార్?"

"మిగతావాళ్ళెవరూ రాలేదు కదా చెప్పడానికి."

పెట్టనన్నాను. ఆయన గొంతు అప్పుడూ పెంచలేదు. "సరే, వెళ్ళి పని చూసుకో" అన్నారు. నన్ను మళ్ళీ కౌంటర్‌లో నిలబెట్టారు. కొన్ని రోజులకు మెయిన్‌లాండ్‌లో కూర్చున్న ఒకాయన ఇంటర్నెట్ ద్వారా మా కంప్యూటర్‌లోకి వచ్చి అంతా యథాస్థానానికి తెచ్చాడు. అతను నాకు ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. "మేడమ్, ఎక్కడ ఏముందో ప్రతిదీ వివరంగా రాసిపెట్టారు. చిటికెలో అయిపోయింది, థాంక్స్" అన్నాడు.

"దేనికి వాడుతున్నారో తెలుసా మీకు?"

"మార్కెటింగ్ అనుకుంటా మేడమ్. అది మన డిపార్ట్‌మెంట్ కాదు కదా."

రంగత్ నంబరు ఒక్కటి సంగతి అడిగాను. సార్ చెప్పారని, దాన్ని పక్కన పెట్టానని అన్నాడు. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను, ఇక రావని చెబుదామని. ఆ నంబరు వాడుకలో లేదంది ఫోన్.

నెలాఖరు దాకా కూడా ఉండలేకపోయాను. రోజూ ఎవరో ఒక ఆడపిల్ల వచ్చి, సిగ్గుపడుతూ, గొంతు తగ్గించి ఆ పరీక్ష పేరు చెప్పేది. నేను ఫోన్ నంబరు అడగాలి. కొందరికి, "నంబరు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, రేపొచ్చి తీసుకో" అని చెప్పాను. నంబరు గడి ఖాళీగా వదిలితే సాఫ్ట్‌వేర్ బిల్లు కొట్టనిచ్చేది కాదు. ల్యాబ్ నంబరే కొట్టేదాన్ని. అది సార్ దాకా వెళ్ళింది. మానేశాను. వెళ్ళేటప్పుడు ఆయన, "నీకు మంచి భవిష్యత్తు ఉందమ్మా" అని చెయ్యెత్తి దీవించారు. నేను వంగలేదు.

ఫిర్యాదు కూడా రాసి ఇచ్చాను, ఇవ్వాల్సిన ఆఫీసులో. ఎవరో వచ్చి చూశారట, టీ తాగి వెళ్ళారట. తర్వాత మారింది ఒక్కటే. ల్యాబ్ బిల్లు వెనక ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, 'నా వివరాలు వాడుకోవడానికి నేను సమ్మతిస్తున్నాను' అని ఒక వాక్యం, దాని పక్కన ముందే అచ్చేసిన టిక్కు గుర్తు. మా పక్కింటి పిన్ని షుగర్ పరీక్షకని వెళ్ళి తెచ్చిన కాగితం వెనక అది చూశాను. పిన్ని దానిమీద పకోడీలు పెట్టుకుని తింటోంది.

ఇప్పుడు ఒక బడి ఆఫీసులో పని చేస్తున్నాను. పిల్లల హాజరు క్లౌడ్ నుంచి మా డేటాబేస్‌లోకి తెచ్చే పని ఇక్కడా పడింది. పనిముట్లు అవే. ఇవి ఎవరు చదువుతారు, ఎందుకు చదువుతారు అని రెండుసార్లు అడుగుతాను. హెడ్‌మాస్టర్‌కి విసుగొస్తుంది. రానీ.

పోయిన ఎండాకాలం చుట్టాల ఇంట్లో పెళ్ళికని రంగత్ వెళ్ళాను. తిరుగు బస్సు ఇంకా రాలేదని మార్కెట్‌లో నిలబడితే, వెనకనుంచి ఎవరో, "దీదీ!" అని పిలిచారు. ఆమే. చేతిలో కూరల సంచి. మొహం కాస్త నిండింది. నేను ల్యాబ్ మానేశానని చెబితే, "ఎందుకు, నా గురించా?" అంది.

"నీ ఒక్కదాని గురించి కాదు."

"అచ్ఛా కియా" అంది. వాళ్ళ అత్తకి ఆ మెసేజ్‌లు అబద్ధమని నమ్మడానికి చాలా రోజులు పట్టిందని చెప్పింది. "ఆఖరికి నాను ఆ సిమ్ తీసి పొయ్యిలో పడేసినాను. ఆవిడ ముందే. ప్లాస్టిక్ కాలి ఎంత కంపో! అప్పుడు ఏడ్చింది ఆవిడ. ఇద్దరం ఏడ్చినాం." ఇప్పుడంతా బాగానే ఉందని, మొగుడు మళ్ళీ ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాడని చెప్పింది. కడుపు సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. నేను ఫోన్ తీసి, "నీ కొత్త నంబర్ ఇవ్వు, ఎప్పుడైనా మాట్లాడుకుందాం" అన్నాను.

ఆమె సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నంబర్ ఇవ్వను దీదీ. ఏటీ అనుకోకు."

"లేదు, అనుకోను" అన్నాను. ఫోన్ సంచిలో వేసుకున్నాను.

"పోర్ట్ బ్లెయిర్ వొస్తే ఇంటికొస్తాను. జంగ్లీఘాట్‌లో ఎక్కడ?"

మసీదు పక్క సందు, నీళ్ళ కొళాయి దాటాక నీలం తలుపు అని చెప్పాను. ఆమె రెండుసార్లు పెదాలతో అనుకుని గుర్తుపెట్టుకుంది. కండక్టర్ అరుస్తున్నాడు. ఎక్కేశాను.